కుండం నిండుకుంది

రోహిడా ఢాణీ
జూన్ 1, 1981

చిరంజీవి వగతారాంకు నాన్న జేఠారాం రామ్ రామ్. చదివి పెట్టే దుకాణం గుమాస్తాగారికి కూడా రామ్ రామ్. పోయినసారి జవాబు రెండు వరుసలే వచ్చింది. నువ్వు రెండు వరుసలతో ఆగే మనిషివి కాదు. మిగతాది గుమాస్తాగారే మింగి ఉంటారు. కోపం లేదు, ఊరికే అన్నాను.

ఇక్కడ ఎండ సంగతి రాయడానికేం లేదు. నిరుటి లాగే ఉంది, ఇంకాస్త ఎక్కువ. ఒంటె భూరీ ఖేజ్రీ చెట్టు నీడ జరిగిన కొద్దీ తానూ జరుగుతోంది. నేను దాని పక్కన జరుగుతున్నాను. మధ్యాహ్నం మేమిద్దరం గడియారం ముళ్లలా ఉంటాం. మోకాలు అలాగే ఉంది.

వాన సముద్రం దాటి గట్టెక్కిందని పక్కింటి డూంగర్జీ రేడియో చెప్పిందట. "అక్కడినుంచి మన దాకా నడిచి రావాలి కదా జేఠా, దానికీ నీలాగే మోకాళ్ల నొప్పులు" అంటున్నాడు.

తాత కట్టించిన వాననీటి కుండంలో నీళ్లు మోకాలి బంటి ఉన్నాయి. పొద్దున ఒక్కసారి తప్ప మూత తీయడం లేదు. మేతకు తోలుకుపోయిన మంద ఎలా ఉంది? మనవరాలు మఘీ నన్ను మరిచిపోయిందా?

మీ నాన్న

*

కాలువ గట్టు, బిషంభర్ టీ దుకాణం
జూన్ 7

మామయ్యగారికి పాదాలంటి మొక్కి రాస్తున్నాను.

ఈ అక్షరాలు గుమాస్తావి కావు. నావి, మీ కోడలు ధాపువి. తప్పయితే మన్నించండి. గుమాస్తా పని మానేసి వెళ్లిపోయాడు. మీ అబ్బాయి, "ఎనిమిది దాకా చదివావుగా, ఆ చదువు గొర్రెలకు చెప్పుకుంటావా? రాయి" అన్నాడు. పెళ్లయిన ఆరేళ్లుగా మీ ముందు ముసుగు తీయలేదు, నోరు విప్పలేదు. నీళ్ల చెంబు గడపలో పెట్టి గాజులు గలగలలాడిస్తే మీకు తెలిసేది. ఇప్పుడు ఆ గాజుల బదులు ఈ ఉత్తరం అనుకోండి.

పొలం యజమాని సర్దార్జీ మంచివాడే. కానీ నిన్న వచ్చి, "భాయీ, పత్తి వేసే వేళయింది. నీ గొర్రెలు నా విత్తనాన్ని మేస్తే మా అమ్మ నన్ను మేస్తుంది" అని నవ్వుతూనే చెప్పేశాడు. ఖాళీ చేయాలి. మనవాళ్ల మిగతా మందలు హర్యానా వైపు కదులుతున్నాయి.

మీ అబ్బాయి మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "కుండంలో నీళ్లుంటే ఇంటికొస్తాం. లేకుంటే అందరితో పోతాం. ఇంటికి ముందు చివరి మూడు మజిలీల్లో బావి లేదని నాన్నకు నేను చెప్పాలా? కుండాన్ని నమ్ముకునే అటు అడుగు వేయాలి. వేరే కబుర్లు వద్దు, నీళ్ల సంగతి ఒక్కటి రాయమను."

మఘీ మిమ్మల్ని మరవలేదు. తాత ఒంటె తన మాటే వింటుందని ఇక్కడి పిల్లలతో గొప్పలు పోతోంది.

మీ కోడలు

*

రోహిడా ఢాణీ
జూన్ 12

చిరంజీవి వగతారాంకు ఆశీస్సులు. చదువుతున్నవారికి కూడా.

గాజుల చప్పుడు లాంటి ఉత్తరం అందింది. అక్షరాలు గుమాస్తా రాతకన్నా బాగున్నాయి. ఇంతకన్నా ఏం రాయాలో నాకు తెలియదు. రెండుసార్లు చదివి డబ్బాలో పెట్టుకున్నాను.

నీళ్ల సంగతి అడిగావు. నిన్న పొద్దువాలే వేళ పడమట నల్లగా లేచింది. ముందు ఇసుక గోడలా వచ్చింది, చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. తర్వాత ఉరుములు. డూంగర్జీ పాక మీది రేకు లేచిపోయి మన కంచె మీద పడింది. వడగళ్లు పడకుండా మా అమ్మ చేసినట్టే పెనం బోర్లించి వాకిట్లో పడేశాను. భూరీ ఒకటే అరుపు.

కుండం నిండుకుంది. నీళ్లు జారి లోపల పడే ఆగోరు మొత్తం ఊడ్చాను. చెప్పులతో ఎవరూ తొక్కకుండా చుట్టూ ముళ్లకంప పెట్టాను.

ఇక మీరు ఆలోచించుకోండి. ఏం చేసినా దారిలో జాగ్రత్త.

మీ నాన్న

*

కాలువ గట్టు
జూన్ 17

మామయ్యగారికి మొక్కులు.

మేం బయలుదేరాం! మీ కార్డు వచ్చేసరికి ఆయన ఒంటె మీద మంచం కడుతున్నాడు, ఏ వైపు వెళ్లేదీ తేలక అందరిమీదా కసురుకుంటున్నాడు. నేను కార్డు పట్టుకుని దుకాణం నుంచి పరుగెత్తాను. దూరం నుంచే "నీళ్లో?" అని అరిచాడు. "నిండాయట!" అని నేనూ అరిచాను. అంతే, తాడు వదిలేసి మఘీని భుజం మీదికి ఎత్తుకుని తిరిగాడు. కార్డు మొత్తం వినే ఓపిక కూడా లేదు. "తర్వాత చదువుదువుగాని, ముందు గొర్రెల్ని తిప్పు" అన్నాడు.

హర్యానా పోయేవాళ్లు మమ్మల్ని చూసి నవ్వారు. "జ్యేష్ఠంలో నిండిన కుండం ఎక్కడుందిరా వగతా, మీ మామగారి ఊళ్లోనా?" అన్నారు. "మా తాత కట్టిన కుండం, మీకేం తెలుసు" అని తలపాగా సర్దుకుని నడిచాడు.

మా పుట్టింటి వైపు దిగుడుబావి నిండితే ఆడవాళ్లం కుంకుమ వేసి, తొలి చెంబు తోడి ఇంటి పెద్దకు ఇస్తాం. మన కుండానికి ఎవరైనా చేశారా? ఇంట్లో ఆడదిక్కు లేదని అడుగుతున్నాను. చేయకపోతే నేనొచ్చి చేస్తాను.

జవాబు నాల్‌సర్‌లో కస్తూర్‌చంద్ కిరాణా దుకాణానికి రాయండి. అక్కడ ఆగి బావి నీళ్లు పెట్టి, తర్వాత ఆ మూడు మజిలీలు దాటేస్తాం.

మీ కోడలు ధాపు

*

రోహిడా ఢాణీ
జూన్ 21

కస్తూర్‌చంద్‌గారూ, ఈ ఉత్తరం ముందు మీ చేతికే వస్తుంది. విప్పి చదవండి, తప్పు లేదు. ఎర్ర తలపాగా కట్టుకుని, గొర్రెల మందతో, భుజం మీద చిన్నపిల్లతో ఒకడు వస్తాడు. వగతారాం నా కొడుకు. వాణ్ణి ఆపండి.

వగతా, నాల్‌సర్ దాటవద్దు. కోడలా, దాటనివ్వవద్దు.

నిండుకుంది అంటే నిండింది అని కాదు.

ఎలా చెప్పాలో తెలియక పొద్దుటి నుంచి కాగితం ముందు కూర్చున్నాను. ఏదైనా తీరిపోతే అందరూ అనే ఆ మాటను మా అమ్మ ఇంట్లో అననిచ్చేది కాదు. ఉప్పు అడుగంటినా, పిండి అడుగంటినా నిండుకుంది అనే అనాలి. చిన్నప్పుడు ఒకసారి తెలియక ఆ మాట అంటే మూతి మీద కొట్టింది. మనం అంటే అది వింటుందట, పిలిచామనుకుని ఇంట్లోకి వచ్చి కూర్చుంటుందట. ఈ నాలుగిళ్ల ఢాణీలో అందరం అలాగే అంటాం. వగతా అయితే వినగానే తెలుసుకునేవాడు. కోడలా, చదివేది నువ్వని తెలిసి కూడా నాకు ఆ ఆలోచన తట్టలేదు.

కుండం అడుగు కనిపిస్తోంది. తాత అడుగున సున్నంలో పొదిగించిన గవ్వ కనిపిస్తోంది. నేనది చూడటం పెద్ద కరువు ఏడాది తర్వాత ఇదే. డూంగర్జీ కుండం పగిలి నీళ్లు ఇంకిపోయాయి. వాళ్ల ఆవులు నోరు తెరుచుకుని మన వాకిట్లో నిలబడితే వద్దు అనలేకపోయాను. అది రాస్తే వగతా కోప్పడతాడని రాయలేదు.

ఆ రోజు వచ్చింది వాన కాదు, ఉరుములే. నాలుగు చినుకులు పైనుంచి బయలుదేరడం చూశాను. నేలకు చేరకముందే గాలిలోనే ఆరిపోయాయి. అప్పటినుంచి రోజూ సాయంత్రం అదే తంతు. నల్లగా లేస్తుంది, గర్జిస్తుంది, ఇసుక కొట్టి పోతుంది. ఢాణీ బావి నీళ్లు ఉప్పగా మారాయి. మనుషులం మజ్జిగలో సజ్జ అంబలి కలుపుకుని గొంతు తడుపుకుంటున్నాం. మందకు ఇక్కడ ఒక్క పూటకు కూడా చాలవు.

నాల్‌సర్ బావి దగ్గరే ఉండండి. ఎవరి కాళ్లయినా పట్టుకోండి. అక్కడినుంచి కదలవద్దు.

జేఠారాం

*

దారిలో
జూన్ 23

మామయ్యగారికి మొక్కులు.

సున్నపురాయి లారీ ఒకటి ఆగితే డ్రైవర్‌తో ఈ కార్డు పంపిస్తున్నాను. మన వైపే పోతున్నాడట.

దారి మారింది. మేం నాల్‌సర్ వెళ్లడం లేదు. "ఇంట్లో కుండం నిండి ఉండగా అంత చుట్టు తిరిగి, ఊరివాళ్లను నీళ్లకు బతిమాలడం ఎందుకు? ఎర్ర దిబ్బల మీదుగా అడ్డంపడి పోదాం, ఒక మజిలీ తగ్గుతుంది" అన్నాడు మీ అబ్బాయి. వద్దన్నాను. "నువ్వేగా నిండాయన్నావు" అన్నాడు. మందను దిబ్బల వైపు తిప్పాం.

ఎండకు గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తలపెట్టి నిలబడిపోతున్నాయి, ఎంత తోలినా కదలవు. ముసలి గొర్రె ఒకటి నిన్న కూర్చుంది, లేవలేదు. కొత్త పిల్లల్ని సంచుల్లో పెట్టి ఒంటెకు కట్టాం, తలలు మాత్రం బయటికి. మఘీ పెదాలు పగిలి నవ్వితే నెత్తురొస్తోంది, అందుకని నవ్వించడం మానేశాం. తాత కుండంలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటానంటోంది. తాగే నీళ్లలో కాళ్లు పెడితే తాత ఊరుకోడన్నాను. "నాకైతే ఊరుకుంటాడు" అంది.

నాకెందుకో భయంగా ఉంది. ఆకాశం రోజూ సాయంత్రం రమ్మని పిలిచి, తీరా చూస్తే ఏం లేదు పొమ్మంటోంది. మేం చేరేసరికి రాతి తొట్టి నింపి ఉంచండి. గొర్రెలు ఆగలేవు.

ధాపు

*

రోహిడా ఢాణీ
జూన్ 27

కోడలికి.

లారీ అబ్బాయి కార్డు ఇచ్చిపోయాడు. తొట్టి నింపి ఉంచమన్నావు.

ఇంటింటికీ వెళ్లి అడిగాను. నేను ఎవరినీ ఏమీ అడిగే మనిషిని కాదని నీకు తెలుసు. తలా కాసిని పోశారు. డూంగర్జీ తన కడవ ఎత్తి పూర్తిగా వంచేశాడు. రెండు తోలు తిత్తులు నిండాయి. ఇది మాత్రం నిండాయి అనే.

భూరీ మీద వేసుకుని బయలుదేరుతున్నాను. ఎర్ర దిబ్బల దారి మొదట్లో జంట ఖేజ్రీలు ఉన్నాయి కదా, వాటి కింద ఉంటాను. మీరు కనబడకపోతే ఎదురు వస్తాను. "ముసలోడా, ఆ మోకాలేసుకుని ఎక్కడికిరా?" అన్నాడు డూంగర్జీ. కోడలు నీళ్లడిగిందన్నాను.

ఇది నాల్‌సర్ పోయే బస్సు కండక్టరుకు ఇస్తున్నాను. మీరు అక్కడ లేరని తెలుసు. ఇంకెక్కడికి రాయాలో తెలియదు.

జేఠారాం

*

నాల్‌సర్, కస్తూర్‌చంద్ దుకాణం
జూలై 1

మామయ్యగారూ,

ఈ ఉత్తరం చదివేది మీరే కావాలి. ఇంకెవరైనా విప్పి ఉంటే చదవడం ఆపి, ఆయన ఎక్కడున్నారో ముందు నాకు రాయండి.

మేం నాల్‌సర్‌లోనే ఉన్నాం. దిబ్బల్లోకి ఒక పగలంతా నడిచాక, మర్నాడు రొట్టెలు చేద్దామని సంచి దులుపుతున్నాను. మీ అబ్బాయి చూసి, "పిండి నిండుకుందా?" అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. "కళ్లు లేవా? ఖాళీ సంచి పట్టుకుని నిలబడితే నిండిందంటావేం?" అన్నాను. "నిండింది అనలేదే, నిండుకుంది అన్నాను. మా ఇంట్లో అయిపోయింది అనం. దీపం కొండెక్కింది అనరా మీవైపు? అలాగే" అన్నాడు. దీపానికి మేమూ అంటాం. పిండికి అనం. నీళ్లకు అనం. ఏడాదిలో ఎక్కువ నెలలు మంద వెంట తిరగడమే, పిండీ ఉప్పూ చూసుకునేది నేనే గనక ఆ మాట ఎప్పుడూ నా చెవిన పడలేదు.

సంచి అక్కడే పడేశాను. రవికలోంచి మీ కార్డు తీసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన ఇసుకలో కూర్చుండిపోయాడు. "చదువుకున్న పెళ్లాం కావాలని ఏరికోరి తెచ్చుకున్నాను కదా" అన్నాడు. నేను, "మీ నాన్న రాసింది మొత్తం విన్నావా నువ్వు?" అన్నాను. మందను వెనక్కి తిప్పాం. మిగిలిన నీళ్లు మఘీకి, కొత్త పిల్లలకు. మేం తడి గుడ్డ నోట్లో పెట్టుకున్నాం.

నాల్‌సర్ పొలిమేర కనబడే చోట గాలివాన పట్టుకుంది. ఈసారి ఉత్తి ఉరుము కాదు. ఇసుక, దాని వెనకే నీళ్లు, మీదనుంచి ఎవరో కుమ్మరించినట్టు. బెదిరిన గొర్రెలు కొన్ని ఒంటరి చెట్టు కిందికి పరుగెత్తాయి. తోలుకురావడానికి ఆయన అటు కదిలాడు, నేను తలపాగా పట్టుకుని వెనక్కి లాగాను. అప్పుడే పిడుగు పడింది. చెట్టు కింద చేరినవి చేరినట్టే పడి ఉన్నాయి. చెట్టు నడిమికి చీలింది.

ఊళ్లోకి వచ్చాక కస్తూర్‌చంద్‌గారు మీ ఉత్తరాలు రెండూ ఒక్కసారే చేతిలో పెట్టారు. మొదటిది చదివి ఏడ్చాను. రెండోది చదివి ఏడవలేకపోయాను. జంట ఖేజ్రీల కింద ఉంటానన్నారు. చెట్ల కింద. ఆ గాలివాన అటువైపే వెళ్లిందని అందరూ అంటున్నారు.

మీ అబ్బాయి ఒక్క గుటక టీ కూడా తాగకుండా మిమ్మల్ని వెతుకుతూ బయలుదేరాడు. మంద దగ్గర నేనూ మఘీ ఉన్నాం. ఇక్కడ నీళ్లకు ఇబ్బంది లేదు, కస్తూర్‌చంద్‌గారి భార్య పిండి కూడా ఇచ్చింది. బస్సు ఆగినప్పుడల్లా మఘీని ఎత్తుకుని రోడ్డు మీదికి వెళ్తున్నాను. కండక్టరు నన్ను చూసి దూరం నుంచే తల అడ్డంగా ఊపుతున్నాడు.

నేను సరిగ్గా చదవలేదు. అర్థం కాని మాట ఎదురైనప్పుడు ఎవరినైనా అడగాలని తోచలేదు, కావలసిన అర్థం కనబడింది కదా అని పరుగెత్తాను. మీరు తొట్టి నింపడానికి వెళ్లారు.

ఒక్క ముక్క రాయండి. గీత గీసినా చాలు.

ధాపు

*

రోహిడా ఢాణీ
జూలై 6

ధాపూ,

మామగారు కోడలిని పేరు పెట్టి పిలవకూడదంటారు. రాయకూడదని ఎవరూ చెప్పలేదు.

ఇది నేనే. గీత కాదు, అక్షరాలే గీస్తున్నాను. ఎత్తుపల్లాలుంటే చూసుకో.

చెట్ల కింద లేను. వెళ్లిన రోజు అక్కడే కాచుకున్నాను. మీరు రాలేదు. మర్నాడు ఎదురు నడిచాను. దిబ్బల లోపలికి పోయాక, ఆ మర్నాడు పొద్దున అడుగుజాడలు కనబడ్డాయి. మంద, ఒంటె, వాడివి, నీవి. ఒక చోట దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. తిరిగిన చోట ఇసుక మీద తెల్లగా పిండి ధూళి ఉంది. ఏం జరిగిందో తెలియలేదు గాని, మీకు తెలిసిపోయిందని మాత్రం తెలిసింది. అక్కడే కూర్చుండిపోయాను. భూరీ వచ్చి నా తలపాగా నమలడం మొదలుపెట్టేదాకా లేవలేదు.

తిరిగొస్తుంటే జంట ఖేజ్రీల దగ్గర ఆకాశం నల్లబడింది. నేను చెట్టు కిందికే లాగాను. భూరీ రానంది. గట్టిగా లాగితే మొహం మీద ఉమ్మింది. దాన్ని నానా మాటలూ అంటూ అక్కడే బయట ఇసుకలో కూర్చోబెట్టి, దాని పక్కన ముడుచుకున్నాను. రెండు ఖేజ్రీల్లో ఒకటి ఇప్పుడు లేదు. భూరీకి రోజూ బెల్లం పెడుతున్నాను. మఘీకి చెప్పు, ఒంటె తన మాటే కాదు, నా మాట కూడా వినదని.

తిత్తుల్లో నీళ్లు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చాను. "వానలో ముద్దగా తడిసినవాడు నాకు చెంబెడు నీళ్లు తెచ్చిచ్చాడు" అని డూంగర్జీ ఇంకా నవ్వుతున్నాడు.

వగతా వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి, "బతికే ఉన్నావా?" అని అరిచాడు. ఉన్నానన్నాను. "ఇంకెప్పుడూ ఇల్లు కదలకు" అన్నాడు. "నువ్వు ఉత్తరం మొత్తం విను" అన్నాను. తర్వాత ఇద్దరం రొట్టె తిన్నాం. ఈ ఉత్తరం తీసుకుని రేపు వాడే నాల్‌సర్ వస్తాడు. పైకి చదివి వినిపించు, మొత్తం. పోయిన గొర్రెల గురించి నువ్వు నీ మనసులో పెట్టుకోవద్దు. మాట నాది.

ఇప్పుడు నీళ్ల సంగతి. పొరపాటు పడే వీలు లేకుండా రాస్తున్నాను. కుండం నిండింది. నీళ్లున్నాయి. మూత తీసి వంగితే నా మొహం కనబడుతోంది, అడుగున గవ్వ కనబడటం లేదు. చెయ్యి పెడితే మోచేతి దాకా తడుస్తోంది. ఆగోరు మీదనుంచి ఇంకా జారుతూనే ఉన్నాయి. అయినా నమ్మవద్దు. వగతాను నిలబెట్టి, నీ కళ్లతో చూశావా అని అడుగు.

తొలి చెంబు తోడలేదు. వాకిట్లో గోలెంలో పడ్డ వాన నీళ్లే తాగుతున్నాం. నువ్వొచ్చి మీ పుట్టింటి పద్ధతిలో కుంకుమ వేసి తోడు. తోడిన చెంబు గడపలో పెట్టి గాజులు ఆడించవద్దు. ముసుగు నీ ఇష్టం. కానీ ఇవిగో నీళ్లు అని నోటితో చెప్పు. నాకు వినబడేలా.

వచ్చేటప్పుడు కస్తూర్‌చంద్‌గారి దుకాణంలో పిండి తీసుకోండి. ఇంట్లో లేదు.

అవును. లేదు అనే రాశాను.

జేఠారాం